అదునూ, పదునూ: అనంతపురం ఎర్ర నేల కథ



ఈ పూట మీతో మట్టి గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. "మేడమీద వాటాలో కాపురం ఉంటున్నాం, కాలికి మట్టి అంటడమే గగనం, మట్టి సంగతి మాకెందుకమ్మా" అంటారేమో! నిజమే. కాని మన వంటింట్లో పోపులపెట్టె పక్కన ఒక డబ్బా ఉంటుంది చూడండి. అందులోవాటిని కోస్తాలో వేరుశనగ గుళ్లంటారు, తెలంగాణలో పల్లీలంటారు, రాయలసీమలో శెనక్కాయలంటారు, కొన్నిచోట్ల బుడ్డలంటారు. పేరేదైనా పులిహోరలోకీ, పచ్చడిలోకీ, పిల్లలకు బెల్లం పాకంతో పట్టే ఉండల్లోకీ అవి లేనిదే మనకు గడవదు. నెల సరుకుల చీటీ చేతికి రాగానే "మళ్లీ పెరిగిందా!" అని మనం ముందు చూసుకునే ధరల్లో వీటి ధర ఒకటి, వీటి నూనె ధర ఒకటి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పంటకు పేరుపడ్డ చోటు అనంతపురం. 1882లో బళ్లారి నుంచి విడిపోయి ఏర్పడిన ఆ జిల్లా 2022లో అనంతపురము, శ్రీ సత్యసాయి అని రెండు జిల్లాలయింది. నేను చెప్పబోయేది ఆ రెండూ కలిసి ఉన్న పాత జిల్లా గురించి. అక్కడ వానలు తక్కువ, అందుకే కరువు అని మనమంతా చిన్నప్పటినుంచీ వింటున్నాం. అది సగం సంగతే. తక్కిన సగం నేలలో ఉంది. వాన ఎంత కురిసిందన్నది ఒక లెక్క. కురిసినదాన్ని నేల ఎన్నాళ్లు దాచి పైరుకు పెట్టిందన్నది మరో లెక్క. పైరు బతికేది ఈ రెండో లెక్కమీద. అదెలాగో చూద్దాం.

ముందు వాన సంగతి. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మిల్లీమీటర్లంటే మనకు తెలిసీ తెలియనట్టు ఉంటుంది కదూ? ఇలా గుర్తు పెట్టుకోండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చోట ఒక మిల్లీమీటరు వాన పడిందంటే అక్కడ సరిగ్గా ఒక లీటరు నీళ్లు పడ్డాయన్నమాట. అంటే ఏడాది పొడుగునా ఆ కాస్త చోటుకు దొరికేది 550 లీటర్లు. కోస్తా జిల్లాల్లో చాలాచోట్ల దీనికి దాదాపు రెట్టింపు పడుతుంది.

ఎందుకింత తక్కువ? జూన్‌లో వచ్చే నైరుతి రుతుపవనాల మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలా మటుకు కురిసేస్తాయి. కనుమలు దాటి ఇవతలికి వచ్చేసరికి వాటిలో మిగిలే తడి కొంచెమే. సరే, అక్టోబరులో తూర్పునుంచి ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. అవి సముద్రపు ఒడ్డు జిల్లాలను తడుపుకుంటూ వచ్చి, ఇంత లోపలికి చేరేసరికి నీరసిస్తాయి. పెళ్లి భోజనంలో రెండు వైపులనుంచీ వడ్డించుకుంటూ వచ్చినా, రెంటికీ చివరి విస్తరి అనంతపురానిదే అయిందన్నమాట!

పడే ఆ వానైనా పద్ధతిగా పడదు. ఒక్కోసారి నెల మొత్తం మీద పడాల్సింది రెండు రోజుల్లో దంచి కొడుతుంది. తరువాత ఇరవై, ముప్ఫై రోజులు మబ్బు తునక కనబడదు. పైగా జూన్, జూలై నెలల్లో పడమటి గాలి హోరున వీస్తుంది. రామగిరి కొండలమీద గాలిమరలు పెట్టి కరెంటు తీస్తున్నారంటే ఆ గాలి ఎలాంటిదో ఊహించుకోవచ్చు. ఆరవేసిన చీర గాలికి గంటలో ఆరిపోయినట్టు, నేలలో తడి కూడా గాలికి అలాగే ఆరిపోతుంది.

ఇప్పుడు నేల సంగతి. పాత జిల్లాలో సుమారు నాలుగింట మూడొంతులు ఎర్ర నేలలే. కదిరి, కల్యాణదుర్గం, ధర్మవరం, పెనుకొండ, మడకశిర వైపు ఎటు చూసినా ఈ ఎరుపే కనిపిస్తుంది. తాడిపత్రి, ఉరవకొండ, విడపనకల్లు ప్రాంతాల్లో నల్లరేగడి ఉంది. ఎర్ర నేల గ్రానైటులాంటి గట్టిరాయి వేల సంవత్సరాలపాటు ఎండకూ వానకూ పొడి అయి ఏర్పడింది. రాతిలో ఉన్న ఇనుముకు గాలీ తడీ తగిలి తుప్పు పట్టింది. తుడవకుండా వదిలేసిన ఇనప మూకుడుకు మర్నాటికి పట్టే ఎరుపూ, ఈ నేల ఎరుపూ ఒక జాతివే. ఈ మట్టి చాలాచోట్ల అడుగు లోతుకు మించి ఉండదు. ఆ కింద గరుసు, దాని కింద రాయి.

ఎర్ర నేలకూ నల్ల నేలకూ తేడా తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పిల్లలకు సెలవు రోజున మంచి కాలక్షేపం కూడాను. అడుగున చిల్లులు పొడిచిన రెండు పాత డబ్బాలు తీసుకోండి. ఒకదానిలో ఇసుక కలిసిన ఎర్రమట్టి, రెండోదానిలో నల్లరేగడి మట్టి సమంగా నింపండి. రేగడి దొరక్కపోతే చెరువు మట్టి అయినా సరే. రెంటిలోనూ ఒక్కో గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి. ఎర్రమట్టి గుటుక్కున తాగేసి, కాసేపటికే కిందినుంచి కార్చేస్తుంది. నల్లమట్టి నిదానంగా పీల్చుకుంటుంది, ఓ పట్టాన వదలదు. నాలుగు రోజులు పోయాక వేలు పెట్టి చూడండి. మొదటి డబ్బాలో మట్టి పొడిపొడిగా ఉంటుంది. రెండోదానిలో ఇంకా చల్లగా తగులుతుంది.

కారణం రేణువుల పరిమాణం. ఎర్ర ఇసుక నేలలో రేణువులు బొంబాయి రవ్వలా బరకగా ఉంటాయి. వాటి మధ్య సందులు పెద్దవి, నీరు జారిపోతుంది. నల్లరేగడిలో రేణువులు మైదాపిండి కంటే సన్నం. కోటానుకోట్ల ఆ సన్న రేణువుల్లో ప్రతిదాని చుట్టూ పల్చటి నీటి పొర అంటుకుని ఉంటుంది. అందుకే రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. అడుగు లోతున్న ఎర్ర ఇసుక నేల, పైరుకు అందేలా దాచగలిగేది సుమారు 30 మిల్లీమీటర్ల నీరు. బాగా ఎదిగిన పైరు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగేస్తుంది. అంటే ఎంత మంచి వాన పడినా, ఆ నేలలో దాచిన తిండి వారం రోజులకు సరి. ఒకే రోజు 100 మిల్లీమీటర్లు పడిందనుకోండి. దోసెడు పట్టే గిన్నెలో బిందెడు నీళ్లు కుమ్మరించినట్టే. గిన్నె నిండగా మిగిలినది కొంత లోపలికి ఇంకి బావులకు చేరుతుంది. ఎక్కువ భాగం మట్టిని కూడా వెంటబెట్టుకుని వాగులో పడి పోతుంది.

అదే జిల్లాలో, అదే వానకు, నల్లరేగడి ఏం చేస్తుందో చూడండి. లోతైన రేగడి కావడంతో అంతకు ఎన్నో రెట్లు నీరు పట్టుకుంటుంది. అక్కడి రైతులు వానలు పడినన్నాళ్లూ నేలను తడవనిచ్చి, అక్టోబరు ప్రాంతంలో పప్పుశనగ విత్తుతారు. ఆ తరువాత చినుకు పడకపోయినా ఆ దాచిన తడితోనే, చలికాలపు మంచుతోడుగా పంట ఇంటికి వస్తుంది. వాన లెక్క ఒకటే. నేల వేరు కావడంతో బతుకు లెక్క మారిపోయింది.

మరి అంత నీరు నిలవని ఎర్ర నేలలో వేరుశనగ ఎందుకు వేస్తారు? ఆ మొక్క తీరు తెలిస్తే ఎందుకో బోధపడుతుంది. వేరుశనగ పువ్వు పసుపుపచ్చగా, ముద్దుగా, ఆకుల మధ్య పూస్తుంది. విత్తిన నెల లోపలే పూత మొదలవుతుంది. పువ్వు వాడిపోయాక దాని మొదలునుంచి సన్నని ఊడ ఒకటి కిందికి దిగి, నేలలోకి గుచ్చుకుంటుంది. కాయ తయారయ్యేది ఆ ఊడ కొసన, చీకట్లో, రెండంగుళాల మట్టి కింద. పూత నేల పైన, కాత నేల కింద అన్నమాట. కాబట్టి పైమట్టి గుల్లగా, మెత్తగా ఉంటేనే ఊడ దిగగలుగుతుంది. ఎర్ర ఇసుక నేలకు ఆ గుణం ఉంది. కోత నాడు మొక్కను పట్టి లాగితే కాయలన్నీ శుభ్రంగా పైకి వస్తాయి. రేగడిలో అయితే మట్టి పట్టుకుని ఊడలు తెగి, కాయలు నేలలోనే ఉండిపోతాయి.

ఇంకో విచిత్రం వినండి. గింజ నిండడానికి కాల్షియం, అంటే మన సున్నంలో ఉండే ధాతువు, కావాలి. దాన్ని వేరు పీల్చి కాయకు పంపలేదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టినుంచి తానే పీల్చుకోవాలి. అందుకే పూత సమయంలో ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర వేయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. మట్టిలో తడి లేకపోతే ఆ కాల్షియం కాయకు అందదు. మనం కాయ ఒలిచినప్పుడు లోపల గింజ లేకుండా డొల్లగా కనిపిస్తుందే, దానికి ఇదొక ముఖ్యమైన కారణం.

ఎర్ర నేలకు ఒక చెడ్డ గుణం కూడా ఉంది. జోరువాన కురిసి వెంటనే ఎండ కాస్తే పైన గట్టిగా పెచ్చు కడుతుంది. ఊడలు దిగే రోజుల్లో వాన మొగం చాటేసి నేల ఇలా బిగుసుకుపోతే, ఊడలు నేలకు తగిలి గుచ్చుకోలేక ఎండిపోతాయి. తరువాత వాన పడితే ఆకు మళ్లీ కళకళలాడుతుంది. బస్సులో పోయే మనం కిటికీలోంచి చూసి "అబ్బ, చేను ఎంత పచ్చగా ఉందో, ఈ ఏడు పంట బాగుంది" అనుకుంటాం. పీకి చూస్తే మొక్కకు నాలుగు కాయలుండవు! ఏడాది చివర "వర్షపాతం సాధారణం" అని పత్రికలో పడుతుంది. చేను మాత్రం పోయినట్టే. ఆ లెక్కలో వానకూ వానకూ మధ్య ఎన్ని ఎండు రోజులు గడిచాయో ఉండదు.

"అదునూ పదునూ చూసి విత్తు" అంటారు మన పెద్దలు. అదునంటే కాలం, పదునంటే నేలలో తగిన తడి. ఆర్ద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూన్ చివరినుంచి జూలై మూడో వారం వరకు, ఈ రెండూ కలిసి రావాలని రైతు ఎదురుచూస్తాడు. 20 మిల్లీమీటర్లకు తగ్గని వాన పడితేనే విత్తడానికి పదును. తొందరపడి చిన్న వానకు విత్తితే మొలకలు మాడిపోతాయి. ఇంకా మంచి వాన కోసం ఆగితే, అక్టోబరులో గింజ ఊరే వేళకు తడి కరవవుతుంది. పంట కాలం నూట అయిదు, నూట పది రోజులు. వారం తేడాలో ఏడాది తిండి అటో ఇటో అవుతుంది.

ఈ నిర్ణయం వెనుక ఉన్న బరువు మనబోటి గృహిణులకు ఇట్టే అర్థమవుతుంది. ఎకరానికి 60, 70 కిలోల గింజలు విత్తనానికి కావాలి. ఈ సేద్యంలో పెద్ద ఖర్చు అదే. ఆ కాయలు ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. గింజ మీది పల్చటి పొర చిట్లితే మొలక రాదు కనుక, ఒక్కో కాయనూ వేళ్లతో నొక్కి జాగ్రత్తగా ఒలుస్తారు. వేళ్లు పుండ్లు పడతాయి. కలుపు తీసేదీ, పీకిన మొక్కలనుంచి కాయలు కోసేదీ వాళ్లే. వండుకుని తినదగిన గింజలను బస్తాలకొద్దీ నేలలో పోసి, వారం పది రోజులు ఆకాశం కేసి చూడడమంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

పూర్వం ఆ నేలలో ఒక్క వేరుశనగే ఉండేది కాదు. జొన్న, కొర్ర, సజ్జ, ఉలవ, కంది, ఆముదం కలగలుపుగా వేసేవారు. ఒకటి పోయినా ఒకటి చేతికి వచ్చేది. వేరుశనగ గింజకు రొక్కం వస్తుంది, కట్టె పశువులకు మేతవుతుంది. అందుచేత ఆ పంట పెరుగుతూ పోయి, 2000 తరువాతి సంవత్సరాల్లో 8 లక్షల హెక్టార్లు, అంటే దాదాపు 20 లక్షల ఎకరాలు దాటింది. ఆ తరువాత నష్టాలు తాళలేక బాగా తగ్గింది. ఒకే పంట అలా కనుచూపుమేర పరుచుకుంటే తెగులుకూ దారి తేలిక. 2000 సంవత్సరంలో వచ్చిన కాండం కుళ్లు వైరస్ తెగులు రెండు లక్షల హెక్టార్లకు పైగా పాకింది.

నేలకు జరిగిన నష్టం ఇంతకంటే నిదానమైనది, కంటికి కనబడనిది. జొన్న కోస్తే కొయ్యకాళ్లూ వేళ్లూ నేలలోనే ఉండి చివికి మట్టికి బలమవుతాయి. వేరుశనగను వేళ్లతో సహా పీకేస్తాం. గాలిలోని నత్రజనిని పట్టి వేరు బుడిపెల్లో దాచిన మొక్క, ఆ వేళ్లతోపాటే ఇంటికి పోతుంది. ఆ పైన నవంబరునుంచి జూన్ దాకా నేల బట్టలేని ఒంటిలా పడి ఉంటుంది. గాలి వీస్తే ముందు లేచిపోయేది, వాన కొడితే ముందు కొట్టుకుపోయేది సన్నమట్టే. ఇందాక మనం చెప్పుకున్నట్టు, తడిని పట్టి ఉంచేది కూడా ఆ సన్నమట్టే కదా! అంటే ఏడాదికేడాది గిన్నె చిన్నదవుతోందన్నమాట. వాన నిరుటిలాగే కురిసినా దాచుకునే చోటు తగ్గిపోతోంది. అంగుళం మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. ఒక గట్టివాన దాన్ని ఒక పూటలో తీసుకుపోగలదు. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు అయితే వేదవతీ నది, దానినే హగరి అంటారు, ఇసుక గాలికి లేచి వచ్చి పొలాలమీద దిబ్బలు వేసింది.

దీనికి మందు లేదా అంటే, ఉంది. మన పెద్దలకు తెలుసు. విజయనగరం నాటి బుక్కరాయసముద్రం, బుక్కపట్నం చెరువులు ఇప్పటికీ ఉన్నాయి. చెరువు ఎండినప్పుడు అడుగున పేరుకున్న ఒండ్రుమట్టిని బండ్లతో తోలి ఎర్ర నేలకు పోసేవారు. కొట్టుకుపోయిన సన్నమట్టిని తిరిగి చేనుకు చేర్చడమే అది. గొర్రెల మందలను రాత్రిళ్లు చేలో నిలిపేవారు. వాలుకు అడ్డంగా గట్లు వేసేవారు.

ఈ కాలంలో కూడా కొంత పని జరిగింది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలయింది ఈ జిల్లాలోని బండ్లపల్లి గ్రామంలోనే. ఆ పథకం కింద పంట కుంటలూ, కందకాలూ తవ్వారు. పలుగూ తట్టా పట్టినవారిలో ఆడవాళ్లు ఎందరో. కదిరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం బెట్టను తట్టుకునే కదిరి-6, కదిరి లేపాక్షి వంటి వేరుశనగ రకాలు ఇచ్చింది. నీరు నిలవని గుణమే చీనీ చెట్లకు మేలు చేస్తుంది కనుక, బిందుసేద్యంతో చీనీ, దానిమ్మ తోటలూ లేచాయి. అయితే బోరు ఎండితే ఇంకా లోతుగా మరో బోరు, ఆ అప్పు తీరకముందే ఇంకో బోరు అన్న దారిలో నలిగిపోయిన కుటుంబాలూ ఉన్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీ-నీవా కాలువల నీరు అందేది కొంత మేరకే. మిగిలిన నేలకు దిక్కు ఆకాశమూ, అడుగు లోతు మట్టీ. అందుకే తొలకరికి ముందే పలు రకాల గింజలు కలిపి చల్లి, నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతిని కొందరు రైతులు పట్టుకున్నారు. నేల బట్ట కట్టుకుంటే తడి నిలుస్తుంది, ఆకూ అలమూ చివికి మట్టి గుల్లబడుతుంది.

పట్నంలో కూర్చుని మనం చేయగలిగిందేమిటంటారా? వారానికి రెండు పూటలు కొర్రన్నమో, జొన్నరొట్టో, ఉలవచారో వండండి. కొనేవాళ్లుంటేనే రైతు ఆ పంటలు వేయగలడు. కలగలుపు పంటలు వచ్చిన చోట నేల ఊపిరి తీసుకుంటుంది.

మేడమీద కుండీలు పెంచేవారికి ఇంకో మాట. కుండీలో ఎర్రమట్టి ఒక్కటే పోస్తే మీ మొక్కా అనంతపురం చేనులాగే బాధ పడుతుంది. రెండు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పైన ఎండుటాకులు రెండంగుళాల మందాన పరవండి. కూరల తొక్కులు పారేయకుండా మురగబెట్టి వేయండి. వేసవిలో రెండు పూటలా పోసే నీళ్లు ఒక పూటకు తగ్గడం మీరే చూస్తారు. లక్షల ఎకరాల్లో జరగవలసిన పని కూడా ఇదే, కాకపోతే అక్కడ కుండీ పెద్దది, చేసే చేతులకు సాయం తక్కువ.

ఈసారి జూలైలో వార్తలు వింటున్నప్పుడు "అనంతపురంలో ఇన్ని మిల్లీమీటర్లు" అని చెబితే అక్కడితో ఆగకండి. ఆ తరువాత ఎన్నాళ్లకు మళ్లీ పడిందో కూడా ఓ చెవిన వేసుకోండి. ఆ నడుమ రోజుల్లో ఆ ఎర్ర నేల ఎంత దాచగలిగిందో, దసరా వెళ్లాక మన నూనె డబ్బా ధర కూడా కాస్త చెబుతుంది.